కార్కా, తిప్పే మూతా? మా షిరాజ్ సీసాల ఆర్డర్ శుక్రవారంలోగా పెట్టాలి

గుంటూరు_టు_క్లేర్

అందరికీ నమస్కారం. దక్షిణ ఆస్ట్రేలియాలోని క్లేర్ వ్యాలీలో ఒక చిన్న వైనరీలో పని చేస్తున్నాను. ఇది నాలుగో ఏడాది. పీపాలు కడగడం దగ్గర్నుంచి సీసాలు నింపే లైన్ నడపడం దాకా అన్నీ చేస్తాను. ఇది ఒక కుటుంబం నడుపుకునే వైనరీ. తోట, వైన్ పెద్దావిడ చూసుకుంటారు, అమ్మకాలు వాళ్ళబ్బాయి చూస్తాడు.

మా తెల్ల వైన్ రీస్లింగ్ విషయంలో రెండో మాట లేదు, తిప్పే మూతే. గొడవంతా ఎర్ర వైన్ షిరాజ్ దగ్గర వచ్చింది. ఏడాదిన్నరగా ఓక్ పీపాల్లో ఉంది, ఈ చలికాలంలో సీసాల్లోకి ఎక్కాలి. చైనాలో కొనేవాళ్ళు కార్కు అడుగుతున్నారు, కార్కే పెడదాం అంటాడు అబ్బాయి. తన పేరుతో వెళ్ళే సీసాకి బిరడా వాసన పట్టడం తన కంఠంలో ప్రాణం ఉండగా జరగదంటారు ఆవిడ. నిన్న భోజనాల దగ్గర ఇద్దరూ ఒకేసారి నా వైపు తిరిగి "నువ్వేమంటావ్?" అన్నారు. అప్పట్నుంచీ టెన్షన్‌గానే ఉంది.

తర్వాత చూద్దాంలే అనడానికి లేదు. మూత సంగతి సీసాలు నింపే రోజు తేల్చేది కాదు. తిప్పే మూత సీసాకి మెడ మీద మరలు ఉంటాయి, కార్కు సీసాకి ఉండవు. ఏ గాజు తెప్పిస్తే ఆ మూతే. తయారు చేసేవాళ్ళు, అమ్మేవాళ్ళు, తాగేవాళ్ళు ఎవరైనా సరే, మీకు తెలిసింది చెప్పండి.

కొత్తమెంబర్

తప్పుగా అనుకోకండి అన్నా. తిప్పే మూత అనగానే నాకు మన ఊరి వైన్ షాపు గుర్తొస్తుంది. క్వార్టర్ సీసా పట్టుకుని మెడ దగ్గర టక్కున తిప్పుతారు చూడండి, అది. మంచి వైన్ అని డబ్బు పెట్టి కొన్నాక అదే చప్పుడు వస్తే మనసు ఒప్పుతుందా? కార్కు ఉంటేనే ఖరీదైన సరుకు అనిపిస్తుంది.

మెల్‌బోర్న్_మావయ్య

మీకనిపించింది అబద్ధం కాదు. ఇక్కడా ఒకప్పుడు అలాగే అనుకున్నారు. దీని వెనక పెద్ద కథ ఉంది, ఓపిక ఉంటే వినండి.

ఈ అల్యూమినియం మూత ఫ్రాన్స్‌లో పుట్టింది. దక్షిణ ఆస్ట్రేలియాలోనే బరోసా ప్రాంతంలో ఉన్న యాలుంబా వైనరీ వాళ్ళు 1964 నుంచే దీని వెంట పడ్డారు. 1970ల్లో పరీక్షలన్నీ చేసి, వైన్ చక్కగా నిలుస్తోందని చూసుకుని మార్కెట్‌లోకి దించారు. జనం కొనలేదు. వైన్ బాగానే ఉంది, మూత చూసి వద్దన్నారు. 1980ల్లో మళ్ళీ కార్కుకే పోవాల్సి వచ్చింది. స్విట్జర్లాండ్‌లో మాత్రం అదే కాలంలో షాస్లా ద్రాక్షతో చేసే వైన్‌కి ఈ మూత పెడితే ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఆ తర్వాత 2000 పంట. అదంతా మన తమ్ముడు పని చేసే క్లేర్‌లోనే జరిగింది. జెఫ్రీ గ్రోసెట్, ఇంకొందరు రీస్లింగ్ తయారీదారులు కలిసి ఒకేసారి తిప్పే మూతకి మారారు. ఒక్కడే మారితే నాసిరకం అంటారు, అందరూ మారితే ఏమంటారు? కావాల్సిన సీసాలు ఆస్ట్రేలియాలో దొరక్క ఫ్రాన్స్ నుంచి తెప్పించుకున్నారు. మరుసటి ఏడాది న్యూజీలాండ్ వాళ్ళు దీనికోసమే ఒక సంఘం పెట్టుకున్నారు. ఇప్పుడు న్యూజీలాండ్ వైన్ నూటికి 90 సీసాలకి పైగా తిప్పే మూతతోనే వస్తుంది.

నేను వైన్ సీసాలు అమ్మే దుకాణంలో తొమ్మిదేళ్ళు కౌంటర్ దగ్గర నిలబడ్డాను. మొదట్లో "కార్కు ఉన్నది లేదా?" అని అడిగేవాళ్ళు ఉండేవారు. ఇప్పుడు తెల్ల వైన్‌కి కార్కు ఉంటే "నా దగ్గర ఓపెనర్ లేదే" అంటున్నారు.

ల్యాబ్‌కోటు

తమ్ముడూ, మీ పెద్దావిడ భయం వట్టి పట్టుదల కాదు. బిరడా వాసన అంటే ఏంటో ముందు అది చెప్తాను.

ఆ వాసనకి ముఖ్య కారణం 2,4,6-ట్రైక్లోరోఅనిసోల్, అందరూ టీసీఏ అంటారు. 1980ల మొదట్లో స్విట్జర్లాండ్‌లో హాన్స్ టానర్ బృందం ఇదే దోషి అని తేల్చింది. క్లోరిన్ ఉన్న ఫినాల్ పదార్థాలు చెక్కకో బెరడుకో పడతాయి. పాత పురుగుమందుల నుంచి రావచ్చు, చెక్క పాడవకుండా పూసే మందు నుంచి రావచ్చు, బ్లీచింగ్ నుంచి రావచ్చు. అక్కడ బూజు పెరిగినప్పుడు ఆ బూజు తన ప్రాణం కాపాడుకోవడానికి ఆ విషాన్ని టీసీఏగా మార్చేస్తుంది. బూజుకి అది హాని చేయదు, మన వైన్‌ని మాత్రం పాడు చేస్తుంది.

ఎంత ఉంటే వాసన తెలుస్తుందో చెప్తే నమ్మరు. లీటరుకి 5 నానోగ్రాములుంటే చాలామంది ముక్కు పట్టేస్తుంది. ఒలింపిక్ ఈతకొలనులో 25 లక్షల లీటర్ల నీళ్ళు పడతాయి కదా, అందులో సగం బియ్యపుగింజ బరువంత కలిపితే ఆ లెక్క.

వర్షాకాలంలో తడిసి ముద్దయిన గోనె సంచిని రెండు రోజులు మడిచి మూల పడేసి, విప్పినప్పుడు వచ్చే వాసన తెలుసుగా, అదే. ఇంకో దారుణం ఏంటంటే, వాసన తెలియనంత తక్కువ ఉన్నా అది వైన్‌లోని పళ్ళ పరిమళాన్ని నొక్కేస్తుంది. టీసీఏ మన ముక్కులోని వాసన కణాల సంకేతాలనే అడ్డుకుంటుందని 2013లో జపాన్ పరిశోధకులు చూపించారు. అప్పుడు తాగేవాడు "మూత పాడైంది" అనడు. "ఈ వైనరీ వైన్ చప్పగా ఉంది" అంటాడు. ఇంకెప్పుడూ కొనడు. తయారు చేసినవాళ్ళకి కారణం కూడా తెలియదు. నాకు బాధ కలిగించేది ఇదే.

స్టీవార్డ్_హైదరాబాద్

నేను హైదరాబాద్‌లో ఒక పెద్ద హోటల్‌లో పదిహేనేళ్ళుగా వడ్డన విభాగంలో ఉన్నాను. కార్కు తరఫున ఒక మాట చెప్పనివ్వండి.

సీసా తెచ్చి లేబుల్ చూపిస్తాం. రేకు కోసి, స్క్రూ దించి, కార్కు మెల్లగా లాగుతాం. ఆ అర నిమిషం టేబుల్ మొత్తం సైలెంట్ అయిపోతుంది. పెళ్ళిరోజుకి వచ్చిన దంపతులు ఆ కార్కు అడిగి తీసుకుని దాని మీద తేదీ రాసి పర్సులో పెట్టుకోవడం ఎన్నోసార్లు చూశాను. తిప్పే మూతని ఎవరూ ఇంటికి తీసుకెళ్ళరు. మనిషి డబ్బు ఇచ్చేది ద్రాక్షరసానికి ఒక్కదానికే కాదు.

కానీ ల్యాబ్‌కోటు గారు చెప్పిన గోనె సంచి వాసన నాకు బాగా తెలుసు. ఒకసారి ఒక పెద్దాయన అరవయ్యో పుట్టినరోజుకి వాళ్ళబ్బాయి పన్నెండేళ్ళుగా దాచిన సీసా తెచ్చాడు. తీయగానే నాకు తెలిసిపోయింది. ఏం చెప్పాలో తెలియక గ్లాసు ఆయనకే అందించాను. వాసన చూసి, కొడుకు ముఖం చూసి, "బావుందిరా" అని తాగేశారు. నేను లోపలికెళ్ళి చాలాసేపు ఆ సీసా పట్టుకుని నిలబడ్డాను.

లిస్బన్_లైఫ్

ఇంతవరకూ కార్కు అంటే ఫ్యాక్టరీ సరుకులా మాట్లాడుతున్నారు. అది ఎక్కడి నుంచి వస్తుందో చూసినవాడిగా రాస్తున్నాను.

ప్రపంచంలో కార్కు దాదాపు సగం పోర్చుగల్‌ది. నేను లిస్బన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నాను. పోయిన వేసవిలో కొలీగ్ అలెంతెజూ ప్రాంతంలోని వాళ్ళ ఊరికి తీసుకెళ్ళాడు. అక్కడ కార్కు ఓక్ చెట్ల నుంచి బెరడు ఒలుస్తున్నారు. గొడ్డలి తప్ప యంత్రం లేదు. ఒక్కో చెట్టు దగ్గర ఇద్దరు. నిలువుగా ఒక దెబ్బ, అంచున పిడి దూర్చి మెల్లగా తిప్పుతారు, టప్‌మని చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు బోలుగా ఉంటే బెరడు చక్కగా ఊడుతుందట. గొడ్డలి ఒక్క వేలు లోతు ఎక్కువ దిగితే లోపలి పొరకి గాయమై మళ్ళీ అక్కడ బెరడు సరిగా రాదు. ఒలిచిన చెట్టు మాను అప్పుడే కోసిన పనసతొనలా పసుపుగా, తడిగా ఉంది. కొన్ని వారాలకి ఇటుక ఎరుపుకి మారుతుందట. ఒలిచాక ఆ ఏడాది చివరి అంకెని తెల్లరంగుతో మాను మీద రాస్తారు. తొమ్మిదేళ్ళు నిండితే గానీ దాని మీద మళ్ళీ చెయ్యి వేయకూడదు.

ఇంకా వినండి. మొక్క నాటాక మొదటి బెరడు ఒలవడానికి దాదాపు 25 ఏళ్ళు పడుతుంది. అది సీసాకి పనికిరాదు, గరుకు. రెండోదీ పనికిరాదు. మూడో ఒలుపు నుంచే బిరడాలు. అంటే నాటినవాడికి నలభై ఏళ్ళు దాటాకే వైన్ కార్కు. తాత నాటింది మనవడు ఒలుస్తాడు. చెట్టు రెండొందల ఏళ్ళు బతుకుతుంది. ఆగ్వాస్ ది మోరా ఊళ్ళో 1783లో నాటిన చెట్టు ఇంకా ఉంది, 2018లో యూరప్ మొత్తానికి ఆ ఏటి చెట్టుగా ఎన్నికైంది. 1991లో ఆ ఒక్క చెట్టు నుంచి 1,200 కిలోల బెరడు తీశారు. చెట్టుని నరకడానికి చట్టం ఒప్పుకోదు, అనుమతి కావాలి. ఆ చెట్ల కింద పందులు, గొర్రెలు మేస్తాయి, ఐబీరియన్ లింక్స్ లాంటి అడవిపిల్లులు బతుకుతాయి.

అందరూ తిప్పే మూతకి పోతే ఆ బెరడు ఎవరు కొంటారు? కొనేవాడు లేకపోతే ఆ అడవిని ఎవరు కాపాడతారు? అల్యూమినియం కోసం బాక్సైట్ గని తవ్వాలి. చిన్న మూత కాబట్టి రీసైక్లింగ్ జల్లెడలోంచి జారిపోయేవీ ఎక్కువే. ఈ లెక్క కూడా వేయండి.

మెల్‌బోర్న్_మావయ్య

మీరు రాసింది చదివి మనసు కదిలింది. కానీ ఒక్క మాట. అడవిని కాపాడే బాధ్యత గోనె వాసన వచ్చిన సీసా కొన్న మనిషి మీద పెట్టడం న్యాయమా? 1990ల్లో ఇక్కడి వైనరీలు ఎన్నిసార్లు మొత్తుకున్నా కార్కు కంపెనీలు పట్టించుకోలేదని పాత తయారీదారులు ఇప్పటికీ అంటారు. దూరదేశం కదా, మంచి సరుకు మాకు రాలేదు అన్నది వాళ్ళ బాధ. తిప్పే మూత మళ్ళీ వచ్చింది ఆ కోపంలోంచే.

2002లో అమెరికాలో బోనీ డూన్ వైనరీ ర్యాండల్ గ్రామ్ న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌లో కార్కుకి శవపేటిక పెట్టి అంత్యక్రియలే చేశారు. కాలిఫోర్నియాలోని నాపాలో ప్లంప్‌జాక్ వైనరీ అయితే 1997 రిజర్వ్ కాబెర్నే అనే ఖరీదైన ఎర్ర వైన్ సగం సీసాలకి తిప్పే మూత పెట్టి, కార్కు సీసా 125 డాలర్లయితే దీన్ని 135 డాలర్లకి అమ్మింది. చవక మూత అన్నవాళ్ళకి అదే జవాబు.

లిస్బన్_లైఫ్

అంత్యక్రియలు చేసినా కార్కు చావలేదు మావయ్యా. ఆ దెబ్బతోనే వాళ్ళు మేలుకున్నారు. బెరడుని క్లోరిన్‌తో కడగడం మానేశారు. అమోరిం కంపెనీ 2016 నుంచి ఒక్కో కార్కునీ విడిగా పరీక్షించి ఇస్తోంది. ఇంకో రకం, డియామ్, బెరడుని పొడి చేసి కార్బన్ డయాక్సైడ్‌తో టీసీఏ లాగేసి మళ్ళీ బిగించి చేస్తారు. కాఫీ గింజల్లోంచి కెఫీన్ తీసే పద్ధతే. 1995 కార్కుని చూపించి నేటి కార్కుని తిట్టకండి.

నాసిక్_బండి

మన దేశం గురించి ఒక ముక్క. నేను నాసిక్ నుంచి సరుకు పంపే పనిలో ఉన్నాను, సొంతూరు నిజామాబాద్. మే నెలలో లారీ డెక్కన్ దాటుతుంటే లోపల వేడి ఎంతుంటుందో తెలుసుగా. వైన్ వ్యాకోచిస్తుంది, కార్కు పైకి జరుగుతుంది, రేకు కింద జిగట కారుతుంది. ఆ తర్వాత దుకాణంలో సీసాని నెలల తరబడి నిలబెట్టే ఉంచుతారు. కార్కు తడి ఆరి కుంచించుకుపోతుంది, గాలి దూరుతుంది. పడుకోబెట్టండయ్యా అంటే, అంత చోటెక్కడిది అంటారు.

1999లో మొదలైన మా నాసిక్ వైన్ కంపెనీ సులా ఇవాళ ఎక్కువ సీసాలని తిప్పే మూతలతోనే పంపుతోంది. మా వాతావరణానికి అదే సరి. పల్లెటూళ్ళో గోళీ సోడా తాగిన వాళ్ళకి మూత విలువ చెప్పక్కర్లేదు. లోపలి గ్యాసే గోళీని రబ్బరు రింగుకి నొక్కి పట్టేది. ఎండలో బండి మీద ఊరంతా తిరిగినా సోడా చప్పబడేది కాదు. ఏ సరుకు ఏ దారిలో ఎంత దూరం పోతుందో చూసి మూత పెట్టాలి.

గుంటూరు_టు_క్లేర్

అందరికీ థ్యాంక్స్. ఒక్కొక్కటీ రెండేసి సార్లు చదివాను. హైదరాబాద్ స్టీవార్డ్ గారూ, ఆ పెద్దాయన "బావుందిరా" అన్న మాట మా పెద్దావిడకి ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ ఏం మాట్లాడలేదు, లేచి టీ పెట్టుకోవడానికి వెళ్ళిపోయారు.

నేను చూసింది కూడా చెప్పాలి. మావయ్యా, తిప్పే మూత సుఖం అనుకోకండి. అది మా దగ్గరకి వచ్చేటప్పుడు దానికి మరలే ఉండవు. నున్నటి అల్యూమినియం గొట్టంలా ఉంటుంది, 30 మిల్లీమీటర్ల వెడల్పు, 60 పొడవు. సీసా మీద బోర్లిస్తే మెషిన్ తల దిగి పైనుంచి నొక్కుతుంది, చిన్న చక్రాలు మెడ చుట్టూ తిరుగుతూ గాజు మరల్లోకి రేకుని నొక్కి అక్కడికక్కడ మరలు వేస్తాయి. ఒత్తిడి కొంచెం తగ్గినా మూత బిగవదు, ఎక్కువైతే రేకు చిరుగుతుంది. పొద్దున్నే మొదటి కొన్ని సీసాల మూతలు తీసి ఎంత బలానికి తెరుచుకుంటున్నాయో కొలుస్తాను. కొలత తప్పితే లైన్ ఆపేస్తాం. పెట్టె జారి మూత అంచు సొట్ట పడిందంటే ఆ సీసా పక్కన పెట్టాల్సిందే, లోపలి సీల్ నమ్మకం లేదు.

కార్కు మెషిన్ కూడా నడిపాను, వేరే చోట. 24 మిల్లీమీటర్ల కార్కుని ఇత్తడి దవడలు 16కి నలిపి, సుమారు పద్దెనిమిదిన్నర ఉన్న మెడలోకి తోస్తాయి. అది లోపల విచ్చుకుని గాజుకి అతుక్కుంటుంది. వేసిన వెంటనే సీసా పడుకోబెట్టకూడదు, కాసేపు నిలబెట్టాలి. దవడ ఒక చోట అరిగితే కార్కు పక్కన సన్నని ముడత పడుతుంది, ఆ ముడత వెంట వైన్ కారుతుంది.

ల్యాబ్‌కోటు అక్కా, మిగిలిన డౌట్ మీకే. తిప్పే మూత గాలి అసలు రానివ్వదు, ఎర్ర వైన్ ఊపిరాడక చెడుతుంది అంటాడు అబ్బాయి. నిజమా?

ల్యాబ్‌కోటు

సగం నిజం. మూత లోపల కనిపించే పలుచటి బిళ్ళ ఉంది చూశావా, అసలు పని దానిదే. టిన్ పొర ఉన్నదైతే గాలి చాలా చాలా తక్కువ రానిస్తుంది. టిన్ లేని సారానెక్స్ రకం ఇంకొంచెం రానిస్తుంది. అంటే తిప్పే మూతలో కూడా ఎంత గాలి కావాలో మనమే ఎంచుకోవచ్చు. కార్కులో ఆ ఎంపిక చెట్టు చేస్తుంది, ఒక్కో బిరడాకి ఒక్కోలా.

మీ అడిలైడ్‌లోనే ఆస్ట్రేలియా వైన్ పరిశోధన సంస్థ 1999లో సెమియాన్ అనే ఒకే తెల్ల వైన్‌ని 14 రకాల మూతలతో సీసాల్లో నింపి ఏళ్ళ తరబడి చూసింది. ఆ సీసాలు వరసగా పెట్టి తీసిన ఫోటో వెతికి చూడు. ఒక పక్క లేత ఆకుపచ్చ పసుపు, ఇంకో పక్క చిక్కటి టీ డికాక్షన్ రంగు. ఒకే రోజు, ఒకే ట్యాంకు నుంచి నింపిన వైన్! ప్లాస్టిక్ కార్కులవి ముందే నల్లబడ్డాయి. తిప్పే మూతది అన్నిటికన్నా తాజాగా నిలిచింది. కానీ దాంట్లోనే కాల్చిన రబ్బరు, చెకుముకి రాయి లాంటి వాసన కూడా తేలింది. గాలి అందక గంధకం పదార్థాలు అలా తయారవుతాయి.

అది మూత తప్పు అనను. వైన్‌లో ముందే దాగి ఉన్నది బయటపడుతుంది. అందుకే తిప్పే మూత పెట్టేవాళ్ళు సీసాల్లోకి ఎక్కించే ముందే ట్యాంకులో ఆ వాసనలు లేకుండా చూసుకోవాలి. కార్కుకి చేసినట్టే చేసి మూత మారిస్తే దెబ్బ తింటారు. ఇంకోటి, సెల్లార్‌లో బ్లీచింగ్ వాడొద్దు. పీపాల గదిలో చెక్క దూలాలకి టీసీఏ పడితే వైన్‌కి గాలిలోంచే అంటుకుంటుంది, ఏ మూత పెట్టినా ఆపలేదు.

కొత్తమెంబర్

నాకు ఇంత లోతు తెలియదు. మరి ఇరవై ముప్పై ఏళ్ళు దాచే వైన్‌లకి కార్కే పెడతారు కదా, అక్కడే విషయం తేలిపోలేదా?

మెల్‌బోర్న్_మావయ్య

ఆస్ట్రేలియాలో పేరుమోసిన ఎర్ర వైన్, పెన్‌ఫోల్డ్స్ కంపెనీ గ్రేంజ్, ఇప్పటికీ కార్కుతోనే వస్తుంది, నిజమే. కానీ అదే పెన్‌ఫోల్డ్స్ 1991 నుంచి పాత సీసాలకి కార్కులు మార్చే క్లినిక్‌లు నడుపుతోంది. జనం తాము దాచుకున్న సీసాలు పట్టుకొస్తే తెరిచి, రుచి చూసి, కొత్త కార్కు వేసి ఇస్తారు. అంత గొప్ప వైన్‌కి కూడా కార్కు కలకాలం నిలవదని తయారు చేసినవాళ్ళే ఒప్పుకున్నట్టు కదా.

స్టీవార్డ్_హైదరాబాద్

అలా చూసుకునే మనుషులు ఉన్నారు కాబట్టే ఆ వైన్ అంతకాలం బతికింది అని నేనంటాను. క్లేర్ తమ్ముడూ, చివరికి నువ్వేం చెప్పావు మరి?

గుంటూరు_టు_క్లేర్

ఇవాళ శుక్రవారం, మధ్యాహ్నం మూడింటికి ఆర్డర్ పంపేశాం. అందుకే రాస్తున్నాను.

నేను చెప్పింది ఇది. చేసేవాళ్ళుగా మన చేతిలో ఉన్నది ఒక్కటే, మొదటి సీసా ఎలా ఉందో ఆఖరి సీసా అలా ఉండాలి. ఎవరో తెలియని ఇంట్లో, ఎవరిదో పుట్టినరోజున మన సీసా తెరుస్తారు. అక్కడ మనం ఉండం, "ఇది మూత తప్పండీ, వైన్ మంచిదే" అని చెప్పుకోలేం. కాబట్టి షిరాజ్‌లో ఎక్కువ భాగానికి తిప్పే మూతే పెడదాం అన్నాను. చైనాకి వెళ్ళే వాటా వరకూ కార్కు, అదీ ఒక్కోటీ పరీక్షించిన రకమే. ధర ఎక్కువ, ఆ తేడా కొనేవాళ్ళు భరించాలి. అబ్బాయి ఫోన్ చేసి అడిగాడు, సరే అన్నారు.

పెద్దావిడ కార్కు మాట వినగానే ముఖం చిట్లించారు. అప్పుడు అలెంతెజూ చెట్ల గురించి చెప్పాను, లిస్బన్ బ్రదర్, మీ మాటల్లోనే. నలభై ఏళ్ళకి గానీ బిరడా రాదన్నది ఆవిడకి తెలియదు. వాళ్ళ నాన్న నాటిన తీగలే ఈ షిరాజ్. కాసేపాగి "పరీక్షించినవే తెప్పించు" అన్నారు.

అక్కా, మీరన్నట్టు ట్యాంకులో వాసనలు చూసుకోవడానికి నింపే తేదీ రెండు వారాలు వాయిదా వేశాం. పీపాల గదిలో బ్లీచింగ్ డబ్బా ఒకటి ఉండేది, నేనే తీసి బయట పడేశాను.

ఇంకోటి చేస్తున్నాం. ఒకే ట్యాంకు నుంచి, ఒకే రోజున 24 సీసాలు కార్కుతో, 24 తిప్పే మూతతో పక్కన పెడతాం. సెల్లార్‌లో చల్లటి మూలన, సుద్దముక్కతో గీత గీసి చోటు కూడా చూసుకున్నాం. ఏడాదికి రెండు జతలు తీస్తాం. ఏ గ్లాసులో ఏదో తెలియకుండా నేను పోస్తాను, తల్లీ కొడుకూ రుచి చూస్తారు. మొదటి జత వచ్చే ఈస్టర్‌కి. ఏమన్నారో ఈ థ్రెడ్‌లోనే రాస్తాను.